చిల్లుల మధ్య పేరు

మొన్న మా అన్నయ్య కూతురు వచ్చి, మంచం మీద నా పక్కన చేరి, ఫోను తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. పిల్లకి కొత్తగా ఉద్యోగం వచ్చింది. విశాఖపట్నంలో స్నేహితురాలితో కలిసి ఇల్లు తీసుకుంటోంది. వంటింట్లోకి ఏమేం కావాలో పెద్ద జాబితా రాసుకుని, ఒక్కొక్కటీ కొని టిక్కు పెట్టుకుంటూ వచ్చి, ఒకే ఒక్క వస్తువు దగ్గర ఆగిపోయింది. "అత్తా, తురుముకునేది ఏది కొనమంటావు?" అంది. వేలితో తోస్తున్నకొద్దీ ఆ ఫోనులోంచి వస్తూనే ఉన్నాయి. నాలుగు పలకల డబ్బాలాంటివి, చదునువి, గిన్నె మీద మూతలా బిగించేవి, పిడి తిప్పితే తురుము రాలేవి, నిమ్మతొక్క పైపొర మాత్రమే గీరడానికి సన్నగా పొడుగ్గా స్కేలుబద్దలా ఉన్నవి. ప్రతిదాని కిందా నక్షత్రాలు, కొన్నవాళ్ళ అభిప్రాయాలు. ఒకాయన చాలా పదునుగా ఉందని, మొదటి రోజే వేలు తెగిందని రాసి అయిదు నక్షత్రాలూ ఇచ్చాడు. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

"ఇంతకీ ఏం తురుముతావే?" అని అడిగాను. "ఏమో అత్తా, క్యారెట్టు, చీజు, ఏదో ఒకటి" అంది. ఏం తురమాలో తెలియకుండా తురుముకునేది కొనడం కాలు కొలవకుండా చెప్పులు కొనడమే. ఆ మాటే దానితో చెప్పి, ఇదే ప్రశ్న మీద మా ఇంట్లో ఒకప్పుడు మూడు నెలలు నలిగామని, ఇంటి పెద్దమనిషి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేదాకా వచ్చిందని అన్నాను. అది పకపకా నవ్వింది. నవ్వే సంగతే. కానీ నవ్వు అయిపోయాక చెప్పవలసింది కొంత మిగిలింది. అప్పటికి దానికి బస్సు టైమైంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు అప్పట్లో ఏలూరు కాలవ గట్టుకి నాలుగు సందుల అవతల ఉండేది. నాన్నగారు కరెంటాఫీసులో గుమాస్తా, అమ్మ హైస్కూల్లో సోషల్ టీచరు, అన్నయ్య ఉద్యోగాల పరీక్షలు రాస్తుండేవాడు, నేను డిగ్రీ రెండో సంవత్సరం. మామ్మ, అంటే నాన్నగారి తల్లి, మాతోనే ఉండేది. ఉద్యోగాలూ చదువులూ మావి గానీ ఇల్లు మాత్రం మామ్మది. ఆవిడ పేరు ఎస్తేరమ్మ. పుట్టింది కొల్లేటికోటలో. నీళ్ళ మధ్య పెరిగింది కాబట్టి చేపంటే ఆవిడకి ఖాతరు లేదు, కొబ్బరికాయంటే మాత్రం ప్రాణం. "కొల్లేట్లో చెయ్యి పెడితే చేప తగులుద్ది. కొబ్బరికాయ తగులుద్దా?" అనేది. పడవ మీద ఎప్పుడో ఒకసారి వచ్చే కాయని చిప్పకి తెల్లదనం మిగలకుండా గీరుకుతిన్న అలవాటు. మా ఇంట్లో రోజుకో కాయ కొట్టుకునే రోజులొచ్చినా ఆ అలవాటు పోలేదు. ఆవిడ కోరి పారేసిన చిప్పని కాకి కూడా ముట్టేది కాదు.

కొబ్బరికోరు అంటే ఇప్పటి పిల్లలకి చేతులు తిప్పి చెప్పాలి. చెక్క పీట, దాని ముందు భాగాన హంస మెడలా వంగిన ఇనప కొక్కెం, ఆ కొక్కెం కొసకి గుండ్రంగా పళ్ళు. పీట మీద ఒక కాలు మడిచి ఒక కాలు చాపి కూర్చుని, కొబ్బరిచిప్పని రెండు చేతులతో ఆ పళ్ళ మీద తిప్పాలి. మామ్మ పొద్దున్నే లేచి, పళ్ళపొడితో పళ్ళు తోముకుని, పెద్ద అక్షరాల బైబిల్లో ఒక కీర్తన పైకి చదువుకుని, తిన్నగా వెళ్ళి ఆ పీట మీద కూర్చునేది. కరకరమని చప్పుడు, కింద పళ్ళెంలో తెల్లగా పడే తురుము, పచ్చికొబ్బరి వాసన. మాకందరికీ తెల్లారేది ఆ వాసనతోనే. అందులోంచి గుప్పెడు పచ్చడికి, గుప్పెడు కూరలోకి, చిటికెడు ముందుగా ఎవరు లేస్తే వాళ్ళ నోట్లోకి. నేను డిగ్రీకొచ్చాక కూడా ఆ చిటికెడు కోసం అన్నయ్య కంటే ముందు లేచేదాన్ని. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

డిసెంబరొస్తే దీనికి దబ్బకాయ తోడయ్యేది. మా మామ్మ చేసే కొబ్బరి లౌజు మా గుళ్ళో పేరు మోసింది. క్రిస్మస్ ఆరాధన అయ్యాక జరిగే ప్రేమవిందులో అందరి ఇళ్ళ నుంచీ ఏదో ఒకటి వచ్చేది గానీ, పాస్టరుగారి చెయ్యి ముందు వెళ్ళేది మామ్మ పళ్ళెంలోకే. ఆ లౌజులో గుట్టు దబ్బకాయ తొక్క. పైనున్న ఆకుపచ్చ పొర మాత్రమే రావాలి, కింద తెలుపు తగిలిందా చేదు. దానికోసం పాలపొడి డబ్బా మూత తీసుకుని, లోపలి నుంచి మేకుతో వరసగా చిల్లులు పొడిచి పెట్టుకుంది. "చిల్లు కాదే ముఖ్యం, చిల్లు చుట్టూ లేచే మొన. ఆ మొన అణిగిపోయిందా, ఇంక అది ఉత్త మూత" అని నాకు పాఠం చెప్పేది. స్కేలుబద్దలాంటి సన్నటి రేకుకి మా మేనకోడలు ఎంత పోస్తోందో చూస్తే, మా మామ్మ ఆ మేకు ఎత్తి దాని నెత్తిన ఒకటి మొట్టేది.

ఆ ఏడాది ఆగస్టులో మామ్మ మోకాళ్ళు మొరాయించాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. డాక్టరుగారు రెండు కాళ్ళూ వంచి చూసి, "మామ్మగారూ, ఇంక నేల మీద కూర్చోవడం మానెయ్యాలండి. కుర్చీలో కూర్చుని ఏ పనైనా చేసుకోండి" అన్నారు. ఆవిడ "అలాగేనండి" అంది, చాలా మర్యాదగా. రిక్షా ఎక్కాక మాత్రం, "కుర్చీలో కూర్చుని చేసే పని ఏవుంటదే, అజమాయిషీ తప్ప" అంది నాతో.

కొబ్బరికోరు గోడకి ఆనింది. అమ్మ మిక్సీ తీసింది. పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా స్కూలుకి బయల్దేరాల్సిన మనిషి, కొబ్బరి ముక్కలు అందులో వేసి రెండు తిప్పులు తిప్పి అయిందనిపించింది. మామ్మ రుచి చూసి, "బావుందమ్మా విమలా. పొట్టులాగుంది" అంది. అమ్మ మిక్సీ గిన్నె కడిగి బోర్లించింది. వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఒకరు "అండీ" అంటే ఒకరు "అమ్మా" అనుకుంటూ, ఇరవై రెండేళ్ళు ఎంతో మర్యాదగా, మనసులో ఏముందో ఒకరికొకరు తెలియనివ్వకుండా గడిపేశారు. ఇంట్లో మాకు మాత్రం, మామ్మ కుర్చీలోకి వెళ్ళినందుకు అమ్మ లోపల్లోపల ఊపిరి పీల్చుకుంటోందేమో అనిపించేది. అమ్మ మీద నాకు కాస్త కోపంగా కూడా ఉండేది.

వారం రోజులు అలా గడిచాక మామ్మ భోజనాల దగ్గర ప్రకటించింది. "క్రిస్మస్ లోపు కుర్చీలో కూర్చుని నా చేత్తో తురుముకునేదేదైనా దొరికితే సరే. లేకపోతే పండగయ్యాక నేను కలిదిండి వెళ్ళిపోతాను." కలిదిండిలో మా బాబాయి చేపల చెరువులు చేస్తుండేవాడు. అక్కడ వంటకి మనిషి ఉండేది. నేను ఉండబట్టలేక, "అక్కడా నిన్ను కుర్చీలోనే కూర్చోబెడతారు గదా మామ్మా?" అన్నాను. "అక్కడ నాకు వంటిల్లు లేదు గదే. లేనిది పోయిందని ఎవరూ ఏడవరు" అంది. పుట్టిన దగ్గర్నుంచి ఆవిడ పక్కలో పడుకున్నదాన్ని. మా ఇంట్లో ఆవిడ లేని తెల్లవారుజాము నాకు ఊహకే అందలేదు.

మొదట నాన్నగారు రంగంలోకి దిగారు. ఆఫీసు నుంచి వస్తూ పెద్ద బజారులో నాలుగు పలకల తురుముడు డబ్బా ఒకటి తెచ్చారు. ఒక పలకకి పెద్ద చిల్లులు, ఒక పలకకి సన్నవి, ఒకటి ముక్కలకి, ఇంకొకటి ఎందుకో తెచ్చిన ఆయనకే తెలీదు. మామ్మ దాన్ని బల్ల మీద నిలబెట్టించి, కుర్చీలో కూర్చుని, కొబ్బరి ముక్క పెట్టి నాలుగు సార్లు గీసింది. తర్వాత వంగి, డబ్బా పైనుంచి లోపలికి తొంగి చూసింది. "తురుం ఏదిరా?" "లోపల పడుద్దమ్మా." "ఎంత పడిందో కనపడకుండా చేసేది పని కాదురా, దొంగతనం" అని తేల్చేసింది. పైగా డబ్బా ఎత్తగానే తురుము సగం బల్ల మీద, సగం చీర మీద పడింది. నాన్నగారు పేపరు అడ్డం పెట్టుకుని, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అని గొణిగారు. మోకాళ్ళు పోయాయిగానీ మామ్మ చెవులు పోలేదు. ఆ రాత్రి నాన్నగారికి పచ్చడి వడ్డించలేదు.

తర్వాత అన్నయ్య. ఏలూరులో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు వెళ్ళి, రంగురంగుల ప్లాస్టిక్ సెట్టు తెచ్చాడు. ఒకటే చట్రం, అందులో మార్చుకునే ఆరు రేకులు. అక్కడ అమ్మేవాడు మైకు చెవికి తగిలించుకుని, మాట్లాడుతూనే రెండు నిమిషాల్లో బుట్టెడు క్యారెట్టు తురిమి, దోసకాయని జడలా అల్లి చూపించాడట. ఇంటికొచ్చాక ఎవరి చేతిలోనూ అది క్యారెట్టుని ముట్టుకోలేదు. మూడో రోజుకి చట్రం పుటుక్కుమంది. "ఆ అమ్మేవాడి చేతివాటం కూడా డబ్బాలో పెట్టి ఇస్తే బావుండేదిరా" అంది మామ్మ, వాడి మొహం చూసి జాలిపడి.

అప్పటికి నవంబరు సగమైంది. "నేను తీసుకెళ్తాను మామ్మా, నువ్వే చూసి కొనుక్కో" అన్నాను. ఎక్కడికంటే తాడేపల్లిగూడెం అంది. తాతగారు అక్కడ రైసుమిల్లులో పనిచేసిన రోజుల్లో ఆవిడ మొదటి స్టీలు గ్లాసు కొన్న కొట్టు ఆ ఊళ్ళో ఉంది. ఏలూరులో స్టీలు కొట్లు లేవా అని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. పొద్దుటి పాసింజరులో బయల్దేరాం. సంచిలో రెండు కొబ్బరిచిప్పలు, ఒక అల్లం కొమ్ము, రెండు క్యారెట్లు, ఒక దబ్బకాయ. ఎదుటి సీటాయన పెళ్ళి సంబంధం మాట్లాడడానికి వెళ్తున్నారా అని అడిగాడు. "సంబంధం లాంటిదేనండి. నచ్చకపోతే వెనక్కొచ్చేస్తాం" అంది మామ్మ.

కొట్టు షావుకారుగారు కామేశ్వరరావుగారు పెద్దాయన, గంధం బొట్టు, మెత్తటి మాట. మామ్మని చూసి లేచి నిలబడి, తన కుర్చీ ముందుకి తోయించారు. "తురుముకునేవి కావాలండి" అంటే వరసగా పరిచారు. "ఏవండీ షావుకారుగారూ, తురిమి చూడొచ్చా?" అంది మామ్మ. "తమరు చూడకుండా నేను అమ్ముతానాండి" అన్నారాయన, సంచిలో ఏముందో తెలియక. మామ్మ ఒళ్ళో తువ్వాలు పరిచి, కొబ్బరిచిప్ప లోంచి కత్తితో ముక్క ఊడదీసి మొదలుపెట్టింది. పెద్ద చిల్లులది పట్టుకుని, "ఇది తురుం కాదు, తరుగు" అంది. సన్న చిల్లులదాని మీద అల్లం గీసి, "లోపలికెళ్ళింది గానీ బయటికి రాలేదు" అంది. పిడి తిప్పేది చూపిస్తే, "అంతా అదే చేసుకుంటే మధ్యలో నేనెందుకండీ?" అని పక్కన పెట్టేసింది. చివరికి ఒక చదునైన రేకు చేతికొచ్చింది. అరచెయ్యి కంటే కొంచెం పెద్దది, కొద్దిగా వంగి, పైన తీగ పిడి, రేకంతా పొడుచుకొచ్చిన చిల్లులు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని, రేకుని ఎడం చేత్తో గిన్నె అంచుకి ఆనించి, కుడి చేత్తో కొబ్బరి ముక్క గీసింది. తురుము కళ్ళ ముందే గిన్నెలోకి రాలింది. చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపింది, నా నోట్లో వేసింది, షావుకారుగారి అరచేతిలో పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని నమిలారు. తర్వాత దబ్బకాయ గీసేసరికి కొట్టంతా ఘుమఘుమలాడిపోయింది. బిందెలు బేరం చేసుకుంటున్న ఒకావిడ ఇటు తిరిగి, "దబ్బకాయలు ఎంతకిస్తున్నారండీ?" అని అడిగింది. "ఇదేనే" అంది మామ్మ నాతో, ఆవిడ మాట వినిపించుకోకుండా. మూడు నెలల తర్వాత మామ్మ మొహంలో ఆ వెలుగు చూసి నాకు కళ్ళు చెమర్చాయి.

అక్కడితో ఇంటికొచ్చేసి ఉంటే బావుండేది. కానీ మా ఇంట్లో పేరు కొట్టించని గిన్నె గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ప్రేమవిందులకీ పెళ్ళిళ్ళకీ సామాను పోతూ వస్తూ ఉంటుంది, పేరు లేని గరిట ఎవరిదైనా కావచ్చు. అందుకని ఉగ్గుగిన్నె నుంచి గంగాళం దాకా అన్నిటి మీదా "జె. ఎస్తేరమ్మ" అని ఉండేది. అమ్మ మొదటి జీతంతో కొన్న ఇడ్లీ పాత్ర మీద, తర్వాత చీటీ పాడి కొన్న డబ్బాల వరస మీద కూడా అదే పేరు. ఇంటి పెద్ద పేరే ఉండాలన్నది పద్ధతి. అమ్మ పేరు మా ఇంట్లో రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా ఉండేది కాదు. అది నేను అప్పటిదాకా గమనించనే లేదు.

కొట్టు గుమ్మం దగ్గర పేర్లు కొట్టే నూకరాజు కూర్చునేవాడు. రేకు అటూ ఇటూ తిప్పి, "దీని మీద అన్నీ చిల్లులేనండి మామ్మగారూ. పేరుకి చోటేదండీ?" అన్నాడు. నిజమే. అప్పుడు షావుకారుగారు పిడి దగ్గర వెడల్పు పట్టీ ఉన్నది ఇంకోటి చూపించారు. దాని పళ్ళు మొద్దు. మామ్మ ఒప్పుకోలేదు. "వెనక వైపు చిల్లు చిల్లుకీ మధ్య ఒక్కో అక్షరం కొట్టెయ్యి బాబూ" అంది. నూకరాజు మిషను తీశాడు, కరెంటు లేదు. గంట ఆగితే వస్తుందన్నాడు. అప్పటికి మా బండి వెళ్ళిపోతుంది. "ఉలితో కొట్టు. మిషను రాత చెరిగిపోద్ది. ఉలి రాత మూడు తరాలుంటది" అంది మామ్మ. "ఆయ్, కొడతానండి గానీ, పళ్ళు దెబ్బతింటాయేమోనండి" అని వాడు నసిగాడు. "నీకెందుకు, కొట్టు" అంది. రేకు కదలకుండా ఎవరైనా పట్టుకోవాలన్నాడు. పట్టుకున్నది నేనే. పళ్ళున్న వైపు కిందికి, ఇనప దిమ్మ మీదికి బోర్లించి, రెండు చేతులతో గట్టిగా అదిమిపెట్టాను. వాడు ఒక్కో చుక్కా ఠంగుఠంగున కొట్టుకుంటూ చిల్లుల మధ్య నుంచి మా మామ్మ పేరుని నడిపించాడు. చూడ్డానికి ముచ్చటగా కుదిరింది.

ఇంటికొచ్చేసరికి అందరూ బల్ల చుట్టూ చేరారు. మామ్మ కుర్చీలో సర్దుక్కూర్చుని, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కొబ్బరి ముక్క గీసింది. ముక్క సబ్బులా జారింది. మళ్ళీ గీసింది, మళ్ళీ జారింది. గిన్నెలో పది పలుకులైనా పడలేదు. అన్నయ్య ఆ రేకు అందుకుని వెనక్కి తిప్పి పేరు చదివి, "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అన్నాడు. నాన్నగారు ఫక్కున నవ్వారు. నేనూ నవ్వేదాన్నే, కానీ మామ్మ బొటనవేలితో రేకుని తడిమి చూసుకోవడం కనిపించింది. "పళ్ళన్నీ అణిగిపోయినయ్యి" అంది మెల్లగా. పట్టుకున్నది నేనేనని చెప్పబోతే, చేత్తో వారించింది. "నీ తప్పు కాదులే. మొన సంగతి నీకు చెప్పింది నేనే. తెలిసుండీ పేరు కోసం కొట్టించాను చూడు" అంది. రేకు బల్ల మీద పెట్టేసి, "అటక మీద నా పెట్టె దించరా. పండగదాకా ఎందుకు, ఆదివారం ఆరాధనయ్యాక వెళ్తాను" అంది అన్నయ్యతో. అమ్మ పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అంత జరిగినా ఆవిడ నోరు మెదపలేదని నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు సాయంత్రం అయిదున్నరైనా అమ్మ స్కూలు నుంచి రాలేదు. ఆరయింది. నాన్నగారు స్కూలుకి ఫోను చేస్తే, మధ్యాహ్నమే సెలవు పెట్టి వెళ్ళారని చెప్పారు. అమ్మ సెలవు పెట్టడమా? నూటమూడు జ్వరంలో కూడా హాజరుపట్టీలో సంతకం పెట్టిన మనిషి. నాన్నగారు చెప్పులు వేసుకుంటుండగా, రిక్షా దిగి వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయిన మొహం. చేతిసంచిలో యూనిట్ పరీక్ష పేపర్ల మధ్య నుంచి, న్యూస్ పేపరు చుట్టిన పొట్లం తీసి మామ్మ చేతిలో పెట్టింది. విప్పితే అదే రేకు, అదే తీగ పిడి. పళ్ళు పదునుగా మెరుస్తున్నాయి.

మామ్మ అటూ ఇటూ తిప్పింది. "గూడెం వెళ్ళావా?"

"అవునండి."

"పేరేదమ్మా?"

"కొట్టించలేదండి."

"మరి గుళ్ళోకెళ్తే ఎవరిదని తెలుస్తది?"

"గుళ్ళోకి పంపనండి" అంది అమ్మ. "అది మీ చేతిలోనే ఉంటుంది. ఈ ఇంట్లో మీ చేతిలోంచి ఎవరు తీసుకుంటారండీ అత్తయ్యగారూ?"

మామ్మ తలెత్తి కోడలి మొహం చూసింది. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు మెల్లగా, "మిక్సీ కొబ్బరి నాకూ సయించట్లేదండి. పొట్టులాగే ఉంది" అంది. మామ్మ మూడు నెలల తర్వాత నవ్వింది. నవ్వి, గిన్నె అడిగింది. నేను పరుగెత్తుకెళ్ళి తెచ్చాను. అమ్మని గురించి అన్ని రోజులూ నేననుకున్నదంతా తప్పని ఆ నిమిషాన తెలిసింది. ఆవిడకి క్షమాపణ మాత్రం ఈనాటికీ చెప్పలేదు.

పెట్టె మళ్ళీ అటకెక్కింది. ఆ క్రిస్మస్‌కి లౌజు ఎప్పటికంటే సన్నటి తురుముతో వచ్చింది. పాస్టరుగారు మూడు తిన్నారు. మామ్మ వంటింటి గుమ్మం పక్కన కుర్చీ వేయించుకుని, ఒళ్ళో గిన్నెతో, వచ్చేపోయే అందరి మీదా అజమాయిషీ చేస్తూనే తురుముకునేది. రెండు పనులూ ఒకేసారి కుదురుతాయని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఇప్పుడు కొబ్బరి తురుమే ప్యాకెట్లలో వస్తోంది. నేనూ ఎన్నోసార్లు తెచ్చాను. పని జరిగిపోతుంది, బావుంటుంది కూడా, అబద్ధం ఎందుకు. మా మేనకోడలు ముక్కూమొహం తెలియనివాళ్ళ మాట నమ్మి కొంటుంది. మేము కొబ్బరిచిప్ప పట్టుకుని యాభై కిలోమీటర్లు వెళ్ళి, కళ్ళారా చూసి, నమిలి చూసి కొని, తిరిగి రాకముందే పాడుచేసుకున్నాం. తెలివి ఎవరిదంటే నేను చెప్పలేను. కాకపోతే మాకు ఒక వస్తువు కొనడమంటే ఇంట్లో ఎవరి చోటు ఎక్కడో కూడా తేలిపోయే వ్యవహారం. ఫోనులో అడిగే ప్రశ్నల్లో ఆ ప్రశ్న నాకు కనపడలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక రోజు, నేను కాలేజీ పని మీద గూడెం వెళ్తున్నానని తెలిసి, మామ్మ నన్ను పిలిచి మడత పెట్టిన కాగితం ఇచ్చింది. పిడి దగ్గర వెడల్పు పట్టీ ఉన్న ఆ మొద్దు పళ్ళది ఉంది చూడు, అది కొని, ఈ కాగితంలో ఉన్నది ఉన్నట్టు కొట్టించుకుని రమ్మంది. "మొద్దుదెందుకు మామ్మా?" అంటే, "క్యారెట్టుకి చాలు" అంది. ఆవేళ కరెంటు ఉంది. నూకరాజు కాగితం విప్పి, లెక్కపెట్టుకుని, "ఇంత పొడుగైతే పట్టీ చాలదండి. కొంచెం వెనక్కి తిప్పాలండి" అన్నాడు. తిప్పమన్నాను. అప్పుడు చదివాను నేను, ఆ పెద్ద పెద్ద వంకర అక్షరాలు.

మర్నాడు పొద్దున్న అమ్మ స్కూలుకి క్యారేజీ సర్దుకుంటుంటే, మామ్మ కుర్చీలోంచే చెయ్యి చాచి ఆ వస్తువు అందించింది. అమ్మ పట్టీ మీది అక్షరాలు కిటికీ వెలుతురు వైపు తిప్పి చదివింది. జె. విమలకుమారి. వెనక్కి తిప్పితే, బి.ఏ., బి.ఇడి.

"తురుముకునేదానికి బీఈడీ ఎందుకండీ అత్తయ్యగారూ?" అంది.

మామ్మ తలెత్తకుండా కొబ్బరి గీస్తూనే ఉంది. "ఇరవై రెండేళ్ళు నా పేరున్న గిన్నెల్లో వండావు. ఒక్కసారీ అడగలేదు. నాకూ తోచలేదమ్మా" అంది.

అమ్మ క్యారేజీ మూత పెట్టలేదు. చిన్న స్టూలు లాక్కుని, మామ్మ కుర్చీ పక్కన కూర్చుని, బుట్టలోంచి ఒక క్యారెట్టు తీసుకుని తురమడం మొదలుపెట్టింది. పళ్ళు మొద్దువి కాబట్టి చాలాసేపు పట్టింది. ఆవేళ అమ్మ స్కూలుకి రెండో పీరియడుకి వెళ్ళింది.